మోతర్ అంటే అక్క

అల్బేనియన్ మాటల పుట్టుక మీద పరిశోధన చేస్తున్నానంటే ముదిగుబ్బ బస్సులో ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, దానికి గవర్నమెంటు జీతమిస్తుందా అని అడిగాడు. ఇవ్వదన్నాను. పాపం, నా టిక్కెట్టు ఆయనే తీశాడు.

నాకు మొండితనం ఎక్కువ. ఏడేళ్ళ పనీ చివరికి ఒక్క మాట దగ్గర ఇరుక్కుంది. అల్బేనియన్‌లో ‘మోతర్’ అంటే తోడబుట్టిన ఆడది, అక్కయినా చెల్లెలైనా. కానీ ఆ మాట పుట్టింది సంస్కృతంలోని ‘మాతృ’ పుట్టిన ఇండో-యూరోపియన్ మూలం నుంచే. అంటే అమ్మ. పాత ‘మా’ ఆ భాషలో ‘మో’ కావడం నియమమే, అందులో పేచీ లేదు. అమ్మ అక్క ఎట్లా అయింది? తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పెద్దకూతురే తల్లయిన ఇళ్ళలో మారి ఉంటుందని పండితులు ఊహించారు, నేనూ అదే రాశాను. మా గైడు ఆ అధ్యాయం తీసేయమన్నాడు. చస్తే తీయనన్నాను.

పీహెచ్‌డీ వైవాకు అక్క కూడా వచ్చింది. వద్దంటే వినే మనిషి కాదు. సంగటి డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా ఆ మాట దగ్గరే పట్టుకున్నాడు. అట్లాంటి ఇల్లు ఎక్కడైనా ఉందా, లేక కాగితం మీద కట్టిందేనా అన్నాడు. ఈ అధ్యాయం నిలవకపోతే అంతా మళ్ళీ రాసుకు రావాల్సిందేనన్నాడు.

ఒళ్ళు మండింది. మా ఇంటి సంగతే చెప్పాను. వానలు లేని ఏడు అమ్మా నాయనా గొర్రెలను తోలుకుని నీళ్ళున్న సీమకు పోయేవాళ్ళు. పోయే పొద్దు అమ్మ గింజల గది తాళంచెవి విప్పి అక్క నడుముకు కట్టేది. మొదటిసారి కట్టినప్పుడు అక్కకు పన్నెండేళ్ళు. ఇక అప్పటినుంచి మేం ఆమెను ‘అమ్మా’ అనే పిలవాలి. అక్కా అంటే ముద్ద పెట్టదు. మంద తిరిగొచ్చాక తాళంచెవి అమ్మకు పోయేది గానీ మా నోళ్ళు మారేవి కావు.

సాక్ష్యం ఏదని అడిగాడాయన.

“ఆడ, వెనక కూర్చోనుండాది సార్,” అన్నాను.

అందరూ తిరిగి చూశారు. అక్క ఏమాత్రం జంకకుండా లేచి నిలబడింది.

“ఇంగ సాలు లే సార్. పిల్లోడు పొద్దున్నుంచి ఏమీ తినల్యా.”

నాకు నలభై దాటాయి. పరీక్షకుడు నవ్వలేదు. ఆమోదం రాసి సంతకం పెట్టి, ఆ కాగితం నాకివ్వకుండా నడుచుకుంటూ పోయి అక్క చేతిలో పెట్టాడు. గెలిచాను! అక్క దాన్ని మడిచి నడుమున దోపుకుని, నన్ను చెయ్యి కడుక్కు రమ్మంది.