సోమవారం తొమ్మిదీ అయిదు

నేను పనిచేసే బట్టల హోల్‌సేల్ కంపెనీకి చిక్కపేటలో కొట్టు, హూడిలో గోడౌన్ ఉన్నాయి. రెండు చోట్లా ఒక్కో రౌటర్. ఏ సమాచారం ఏ దారిన వెళ్లాలో ఆ రెండూ ఒకదానికొకటి చెప్పుకుంటాయి. అందుకోసం పది సెకన్లకోసారి పలకరించుకుంటాయి. ప్రతి పలకరింపుకీ ఒక రహస్య కీ ముద్ర ఉంటుంది. అది కలవకపోతే ఎదుటిది ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టవు. నలభై సెకన్లు అలా గడిస్తే అవతలిది చచ్చిపోయిందని రాసుకుంటాయి. నిజంగా ఆ మాటే వాడతాయి.

ఆ రెంటినీ కలిపింది మా సీనియర్. చిక్కపేటలోనే పుట్టి పెరిగిన తెలుగాయన. ఆయుధపూజకి రౌటర్లకు కుంకుమబొట్లు పెట్టేవాడు. సోమవారాల్లో రాహుకాలం తొమ్మిదికి పోయాకే ఇంట్లోంచి కాలు బయటపెట్టేవాడు. ఇల్లు పక్క సందే కాబట్టి తొమ్మిదీ అయిదుకల్లా కొట్లో ఉండేవాడు. రాహుకాలంలో కేబుల్ ముట్టనిచ్చేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది.

"రౌటర్‌కి కూడా రాహుకాలమా అన్నా?" అని ఏడిపించేవాణ్ణి.

"దానికి లేదప్పా. దాన్ని ముట్టేవానికి ఉండాది" అనేవాడు.

ఏడాదిన్నర కిందట ఆపరేషన్‌కని ఆసుపత్రిలో చేరాడు. మళ్లీ రాలేదు. ఆయన భార్యకు కంపెనీ చిక్కపేట కొట్లోనే కౌంటర్ దగ్గర పని ఇచ్చింది.

ఈ మధ్య ఒక సోమవారం ఉదయం నేను హూడిలో కాఫీ తాగుతుండగా, గోడౌన్‌లో ఏ చీరలున్నాయో కొట్టువాళ్లకు కనిపించడం ఆగిపోయింది. మా రౌటర్ ఏం రాసుకుందో చూశాను. తొమ్మిదీ అయిదు దాటిన నలభై సెకన్లలోపే చిక్కపేట చచ్చిపోయిందని రాసి ఉంది. అది చావలేదు. లైను బాగుంది, లైట్లు పచ్చగా మిణుకుతున్నాయి. అటునుంచి పది సెకన్లకోసారి పలకరింపు వస్తూనే ఉంది. మా రౌటర్ ప్రతిసారీ దాన్ని తోసేస్తోంది. ఇది కీ నంబరు రెండు, నాకు తెలియదు అంటోంది.

నాకు తెలిసి మాకున్నది ఒకటే కీ. రెండోది ఎక్కడినుంచి వచ్చింది? ఎవరో అక్కడి రౌటర్‌ని ముట్టుకుని ఉండాలి. కొట్టుకి ఫోన్ చేస్తే ఆయన భార్యే ఎత్తింది. పై గదికి తాళం వేసే ఉందని, తాళంచెవి తన దగ్గరే ఉందని, దసరా పూజ తర్వాత ఎవరూ మెట్లెక్కలేదని చెప్పింది.

బయటినుంచి ఆ రౌటర్‌లోకి ఎవరూ దూరకుండా కట్టుదిట్టం చేసింది కూడా ఆయనే. కాబట్టి నేనే వెళ్లాలి. మెట్రోలో ఉండగా మేనేజర్ ఫోన్ చేశాడు. ఎవరూ ముట్టకుండానే కీ మారిందని చెప్పాను.

"ఆయన పోతూ పోతూ టైంబాంబు పెట్టి పోయినట్టున్నాడు. రిపోర్టులో అదే రాస్తున్నా" అన్నాడు.

ఆ మాట నాకంటే ముందే చిక్కపేట చేరింది. తోపుడుబళ్లను తప్పించుకుంటూ నేను కొట్లోకి వెళ్లేసరికి ఆమె తాళంచెవి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"మా ఆయన ఏమన్నా తప్పు చేసి పోయినాడా అప్పా? కింద అందరూ అదే అనుకుంటాండారు" అంది.

"చూసి చెప్తా వదినా" అన్నాను.

గదిలో నేలంతా దుమ్ము. మా అడుగులు తప్ప ఇంకో అడుగు లేదు. ఆయన మెరూన్ స్వెటర్ మేకుకి వేలాడుతూనే ఉంది. రౌటర్ మీద బొట్టు వెలిసిపోయింది. లాప్‌టాప్ తగిలించి చూశాను. చివరిసారి అందులో మార్పు చేసిన మనిషి పేరు ఆయనదే. తేదీ, ఆసుపత్రిలో చేరడానికి ముందురోజు.

మొదటి కీ గడువు ఆ సోమవారం ఉదయం తొమ్మిదీ అయిదుకి తీరింది. సరిగ్గా ఆ నిమిషానికే రెండోది మొదలైంది. కీ ఎవరికీ చిక్కకుండా అప్పుడప్పుడూ మారుస్తుండాలని ఆయన ముందే పెట్టిన ఏర్పాటు అది. మనిషి లేడు, అనుకున్న వేళకి పని మాత్రం జరిగిపోయింది. నా వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగి చూశాను. గుమ్మంలో ఆమె ఒక్కతే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆరునెలల కిందట హూడిలో పాత రౌటర్ కాలిపోతే కొత్తది పెట్టింది నేనే. పాతదాని సెట్టింగుల కాపీలో ఈ రెండో కీ ఉంది. సోమవారం, తొమ్మిదీ అయిదు అని చూసి, ముసలాయన ముహూర్తాల పిచ్చి అని నవ్వుకుని, మొదటి కీ ఒక్కటే ఉంచి మిగతాదంతా గడువులతో సహా చెరిపేశాను. చేసిందంతా నేను, నింద మోస్తున్నది ఆయన.

అక్కడినుంచే హూడి రౌటర్‌లోకి వెళ్లి రెండో కీ ఎక్కించాను. పది సెకన్లు లెక్కపెట్టాను. రెండూ కలిశాయి. కింద కొట్లో సరుకు కనిపిస్తోందని ఎవరో అరిచారు.

రెండో కీ కింద మూడోది కూడా ఉంది. రెండేళ్ల తర్వాత ఇంకో సోమవారం, అదే తొమ్మిదీ అయిదుకి మొదలవుతుంది. దానికి గడువు లేదు. తిరిగి రానని ఆయనకు ముందే తెలుసేమో. నాకు భయమేసింది, దానికి మించి సిగ్గేసింది.

మళ్లీ మేనేజర్ ఫోన్. "కలిసిందిగా, రిపోర్టు పంపేస్తున్నా. పోయినాయన పేరే కదా, ఎవరికీ నష్టం లేదు."

ఊఁ అంటే అయిపోయేది. ఆమె కదలకుండా నావైపే చూస్తోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"ఆయన పెట్టింది సరిగ్గానే ఉంది సార్. హూడిలో చెరిపింది నేను. నా పేరు రాయండి."

మేనేజర్ ఫోన్ పెట్టేశాడు.

మూడో కీ సంగతి ఆమెకు చెప్పాను. ఎప్పుడు మొదలవుతుందో కూడా చెప్పాను. ఆమె దగ్గరకొచ్చి వెలిసిన బొట్టు మీద వేలు ఆనించింది.

"అది ఆయన కొట్టుకొచ్చే టైమప్పా" అంది. "ఆ పొద్దు నేనూ పైకొస్తా. నన్ను పిలువు."

ఆ మూడో కీని, అది మొదలయ్యే వేళతో సహా, అక్షరం పొల్లుపోకుండా హూడి రౌటర్‌లో కూడా రాశాను.