గొడుగు నీడలో వజ్రం

చిన్నమ్మ పోయిందని బాబాయి ఫోన్ చేసినప్పుడు నేను చిక్కడపల్లి మార్కెట్‌లో గోరుచిక్కుడు ఏరుతున్నాను. "అమ్మా, మీ చిన్నమ్మ ఇక లేదండి" అన్నారాయన. ఆయనది గోదావరి వైపు. కూతురి వరసైన నన్ను కూడా 'అండి' లేకుండా పిలవలేరు, అంత దుఃఖంలోనూ ఆ అలవాటు వదల్లేదు. ఏరిన కాయలు తట్టలోనే వదిలేసి ఆటో ఎక్కాను. ఆమె గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు ముందే చెప్పారు. కానీ తెలిసి ఉండటం వేరు, ఆ మాట చెవిన పడటం వేరు.

నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చదువుకున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మా చిన్నమ్మను గుర్తుపట్టే ఉంటారు. నల్లగా, సన్నగా, వానాకాలమైనా ఎండాకాలమైనా చేతిలో నల్ల గొడుగుతో నడిచివచ్చే మేడమే ఆమె. మీకు కప్పను కోసి చూపించిన ఆ చేతికి మా ఇంట్లో ఇంకో పని ఉండేది. చుట్టాల్లో ఎవరికి నిశ్చితార్థం కుదిరినా పంతులుగారికంటే ముందు చిన్నమ్మకు ఫోన్ వెళ్ళేది. ఉంగరానికి వజ్రం చూడాలంటే ఆమే రావాలి.

ఆమె వజ్రం చూసే పద్ధతి తెలియనివాళ్ళకు నవ్వొచ్చేది. నారాయణగూడ చౌరస్తా దగ్గర మేం వెళ్ళే నగల దుకాణం చిన్నదే అయినా దీపాలకు లోటుండదు. చిన్నమ్మ కుర్చీలో కూర్చోగానే గొడుగు తెరిచి తలమీద పట్టుకునేది. ఒకసారి పక్కన కూర్చున్నావిడ పైకప్పు వంక చూసి "కురుస్తున్నదా ఏంది?" అని తన కుర్చీ కూడా జరుపుకుంది. చిన్నమ్మ మాత్రం ఆ నీడలోకి చెయ్యి చాపి, తాపీగా ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పేది. "గిన్ని దీపాల కింద సీసాపెంకు గూడ మెరుస్తది బిడ్డా. నీడల ఎట్లుంటదో చూడాలె. రేపు పిల్ల ఉండేది ఇంట్ల గదా, దుకాణంల కాదు" అనేది. కోత బాగున్న రాయి నీడలో కూడా కళ్ళు తెరిచి చూస్తుంది. అది ఆమెకు 'లేచి ఉన్న' రాయి. ఎంత పెద్దదైనా మందకొడిగా ఉంటే 'నిద్రపోతున్న' రాయి. తర్వాత తెల్ల కాగితాన్ని మడిచి, ఇంకా పొదగని విడి రాయైతే అందులో బోర్లించి, పక్కనుంచి పసుపు ఛాయ ఉందేమో చూసేది. భూతద్దంతో రాయి అంచున చెక్కిన నంబరు సర్టిఫికెట్‌లో ఉన్నదో కాదో సరిపోల్చేది. చివరికి ఉంగరాన్ని పట్టుచీర కొంగు మీద రుద్దేది. రాయిని పట్టి ఉంచే బంగారు గోళ్ళకు ఒక్క పోగు తగులుకున్నా ఉంగరం వెనక్కే. ఆ దుకాణం సేఠ్ ఆమెకు భయపడేవాడు. ఆమె రాకపోతే ఏమైందని అడిగేవాడు కూడా.

ఆమెకు ఇంకో నియమం ఉండేది. పెట్టుకోబోయే మనిషి తన వేలికి తొడుక్కుని ఎంచుకోకూడదు. "తన వేలి మీద తానే చూసుకుంటే మురిపెమే కనవడ్తది, మచ్చ కనవడదు. ఎవరి చేతికన్న పెట్టి, జర దూరంకెళ్ళి చూడాలె" అనేది. అలా మా ఇంటి ఉంగరాలన్నీ ముందు ఆమె చేతికెక్కి, ఆ తర్వాతే పెళ్ళికూతుళ్ళను చేరాయి. 2010లో నాది కూడా అంతే. మా అత్తగారు పెద్ద రాయి ఒకటి చూసి మనసు పారేసుకున్నారు. చిన్నమ్మ దాన్ని వేలికి పెట్టుకుని, గొడుగు కింద కాసేపు చూసి, "వదినగారూ, ఇది పెద్దదే గని గుర్రు పెడ్తున్నది" అంది. మా అత్తగారు నవ్వేశారు. నాకు చిన్న రాయే దక్కింది. ఆఫీసులో ఇప్పటికీ దాన్ని చూసి ఎక్కడ కొన్నావని అడుగుతారు.

అన్ని ఉంగరాలు ఎక్కి దిగిన ఆ వేలు మాత్రం బోసిగానే ఉండేది. అప్పటికింకా ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "యాదికి లేదు" అనేది. అది అబద్ధమని అందరికీ తెలుసు, అయినా రెండోసారి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అలాంటి మనిషి 2012లో ఒకరోజు, యాభై దాటిన వయసులో, మా ఇంటికొచ్చి పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పింది. పెళ్ళికొడుకు, అంటే ఇప్పటి మా బాబాయి, బ్యాంకులో రిటైరయ్యారు, భార్య పోయి చాలా కాలమైంది. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లల మధ్య కూర్చుని పొద్దుట్నుంచి లైబ్రరీలో పేపర్లన్నీ చదువుతుంటారని అందరూ 'లైబ్రరీ సారు' అనేవారు. ఒక వానరోజు చిన్నమ్మ టీకొట్టు దాకా ఆయన్ని తన గొడుగులో తీసుకెళ్ళిందట. తర్వాత వాన లేని రోజుల్లో కూడా తీసుకెళ్ళడం మొదలుపెట్టిందని నేను ఆటపట్టిస్తే, సిగ్గుపడింది. చిన్నమ్మ సిగ్గుపడటం నేను చూడటం అదే మొదలు.

ఎగిరి గంతేస్తుందనుకున్న అమ్మ మాత్రం "మంచిది" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ ఊసెత్తితే చాలు, ఏదో ఒక పని కల్పించుకునేది. ఈ వయసులో నిశ్చితార్థం ఏమిటని అమ్మకు నామోషీగా ఉందనుకున్నాను. బయట బంద్‌లు, రాస్తారోకోలు నడుస్తున్న రోజులు కదా, ఆయనది గోదావరి వైపని పట్టింపేమో అని కూడా అనుకున్నాను. చిన్నమ్మకు మాత్రం ఒకటే పట్టుదల. ఉంగరం చూసే రోజున అమ్మ రావాలి, అమ్మ చేతికి తొడిగే చూడాలి.

చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి అమ్మ ఎదురుగా నేలమీద బాసిపట్లు వేసుకుని కూర్చుంది. అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది.

"అక్కా, ఆదివారం దుకాణానికి పోదాం."

"మీరు పోయి రాండ్రి. నాకు పనుంది."

"ఆయన నచ్చలేదా నీకు?"

"ఆయనకేమైందే, బంగారమసొంటి మనిషి."

"మరి నలుగురు నవ్వుతరనా?"

"నవ్వేటోళ్ళను నవ్వనీ. పండ్లు వాళ్ళయే గదా."

"మరేందక్కా నీ బాధ?"

అమ్మ చెయ్యి ఆగింది. "మీ బావ పోయినంక నేను ఏ శుభానికన్న ముందట నిలబడ్డనానే? సొంత బిడ్డ నిశ్చితార్థానికే వంటింట్ల కూసున్న. ఇన్నేండ్లకు నీకొక మంచి ఘడియొచ్చింది. నా చెయ్యి తగిలిన ఉంగరం నీకెందుకు?"

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. నాన్న 2009లో పోయారు. మరుసటేడు నా నిశ్చితార్థం రోజు అమ్మ వంటింట్లోంచి కదలకపోతే, వచ్చినవాళ్ళ భోజనాల గొడవలో ఉందనుకున్నాను. ఫోటోల్లో అమ్మ ఎక్కడా లేకపోతే ఫోటోగ్రాఫర్‌ని తిట్టుకున్నాను. ఒకే ఇంట్లో ఉండి కూడా ఇంత మాట నాకు తెలియలేదు.

చిన్నమ్మకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "అమ్మ పోయినప్పుడు నేను బడికి గూడ పోని పిల్లను. నీ చేతి బువ్వ తిని పెరిగిన. నీ చేత జడేయించుకొని చదువుకున్న. నాకు అంటని దోషం ఉంగరానికి అంటుకుంటదా? నేను జువాలజీ చెప్పేదాన్నక్కా, ఇసొంటివి నా ముందట చెప్పకు. నువ్వు రాకుంటే ఉంగరం లేదు, పెండ్లి లేదు. ఇప్పుడే ఫోన్ చేసి సారుకు చెప్పేస్త."

"అయ్యో, నడిమిట్ల ఆయనేం చేసిండే పాపం!" అంది అమ్మ. ఆ తర్వాత చింతపండు చేతులతోనే చెల్లెల్ని దగ్గరకు తీసుకుంది. ఆ మరకలు చిన్నమ్మ జాకెట్టు మీద చాన్నాళ్ళున్నాయి. ఉతికించలేదా అంటే, పోలేదంది.

ఆదివారం దుకాణంలో అమ్మ కుడిచేతిని కొంగులో దాచుకుని కూర్చుంది. చిన్నమ్మే ఆ చేతిని బయటికి లాగి బల్ల మీద పెట్టించింది. పసుపూ, కారం, నూనె చూసిన చెయ్యి. గోళ్ళ చుట్టూ ఇంకా చింతపండు రంగు పోలేదు. సారు వెనక నిలబడి గొడుగు పట్టుకున్నారు. సేఠ్ ఒక్కో ఉంగరం అందిస్తుంటే చిన్నమ్మ అమ్మ వేలికి తొడిగి, వెనక్కి జరిగి చూస్తోంది. మొదటి వాటికి అమ్మ తల కూడా ఎత్తలేదు. తర్వాత ఒక పెద్ద రాయి వచ్చింది. చిన్నమ్మ ఏదో అనబోయేలోపే అమ్మ నోటినుంచి మాట జారింది.

"ఇది నిద్రపోతున్నదే."

సేఠ్‌తో సహా అందరం నవ్వాం. ఇక అమ్మను ఆపేవాళ్ళు లేరు. ఇది పచ్చగుంది అంది, దీని గోళ్ళు గుచ్చుకుంటున్నాయి అంది. చివరికి చిన్న రాయి ఒకటి వేలికెక్కింది. అమ్మ చెయ్యి కొంచెం కదిపినా అది తళుక్కుమని పలికింది. దాని మీద అమ్మ మెల్లగా ఊదింది. నోటి ఆవిరి అలా పట్టి ఇలా పోయింది, అసలు వజ్రం మీద ఆవిరి నిలవదు. చాలాసేపు చూసి, తల తిప్పకుండానే, "మరిదిగారూ, గొడుగు జర ఇటు వంచుండ్రి" అంది. అప్పటిదాకా ఆయన్ని సారూ అనే పిలిచేది. "అలాగేనండి వదినగారూ" అని సారు గొడుగు వంచారు.

నిశ్చితార్థంలో తాంబూలాలు అమ్మే అందుకుంది. ముందు వరసలో, అందరూ చూస్తుండగా. ఈసారి ఫోటోలన్నింట్లోనూ అమ్మ ఉంది, కొన్నింట్లో పెళ్ళికూతురికి అడ్డంగా కూడా ఉంది.

ఆ తర్వాత చిన్నమ్మ బతికింది రెండేళ్ళ పైచిలుకు. తక్కువేనని అందరూ అన్నారు. నేనూ అన్నాను. కానీ సాయంత్రాలు ఇద్దరూ ఒకే గొడుగులో అశోక్ నగర్ సందుల్లోంచి మా ఇంటికి వచ్చేవారు. ఆయన 'ఏమండీ' అంటే ఆమె 'ఏంది' అనేది. వంకాయ కూరలో పులుపు గురించి చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవారు. అదంతా గుర్తొస్తే, తక్కువనే మాట నోట్లోనే ఆగిపోతుంది. ఆమె సుఖంగా ఉంది. అది నేను కళ్ళారా చూశాను.

కర్మకాండలు అయిపోయాక బాబాయి ఆ ఉంగరం తెచ్చి అమ్మ ముందు పెట్టారు. "వదినగారూ, ఇది ముందు మీ చేతికే ఎక్కిందండి. మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు. అమ్మ వద్దంటుందనుకున్నాను. తీసి వేలికి పెట్టుకుంది.

మొన్న మా మేనమామ ఇంటినుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ అమ్మాయికి సంబంధం కుదిరింది, ఉంగరం చూడాలి. "చెల్లె లేదు గదా, ఇగ నువ్వే రావాలె అక్కా" అన్నాడు మామ. అమ్మ సరేనంది. తర్వాత నన్ను బాబాయి దగ్గరికి పంపి గొడుగు తెప్పించింది.

దుకాణంలో సేఠ్ ఆ గొడుగును చూసి లేచి నిలబడ్డాడు. అమ్మ కూర్చుని, ఎవరి వంకా చూడకుండా దాన్ని తెరిచింది. మా మరదలి కోసం తీసిన ఉంగరాన్ని చిన్నమ్మ ఉంగరం పక్క వేలికి తొడుక్కుని, నీడలోకి చెయ్యి చాపింది. గోళ్ళ చుట్టూ చింతపండు రంగు అలాగే ఉంది. వంగి రెండు రాళ్ళ మీదా మెల్లగా ఊదింది. ఆవిరి పోయింది. రెండూ లేచే ఉన్నాయి.