లేని చప్పుడు

మా వీధి చివరి మోటారు షెడ్డులో మేస్త్రీని అందరూ స్టెతస్కోపు అనేవాళ్ళు. ఆయన దగ్గర మూరెడు స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్ళు మూసుకునేవాడు. లోపల ఎనిమిది వాల్వులు గాలి పీలుస్తూ పొగ వదులుతూ ఉంటే, వాటిలో ఏది వదులైందో కళ్ళు తెరవకుండానే చెప్పేవాడు. ఆ పిడి ఎముకకు రాసుకుని రాసుకుని గులకరాయిలా నున్నబడింది. దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు.

షెడ్డులో ఆయన తర్వాతి స్థానం బామ్మర్దిది. అతను చెవిని నమ్మడు. వాల్వుకూ దాన్ని తొక్కే రాకరుకూ మధ్య ఉండాల్సిన సందును సన్నటి ఉక్కు రేకులు దూర్చి కొలుస్తాడు. ఆ రేకులు పళ్ళు కుట్టుకోవడానికి దాచుకోరా అనేవాడు మేస్త్రీ, బండ్లవాళ్ళ ముందే.

పనిలో చేరిన ప్రతివాడికీ మేస్త్రీ ఒక పరీక్ష పెట్టేవాడు. బాగున్న ఇంజనునే స్టార్టు చేసి, చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పమనేవాడు. ఏమీ లేదంటే తన చెవికే వంక పెడతారని భయపడి అవతలివాడు ఏదో ఒక సిలిండరు చూపించేవాడు. పందొమ్మిదేళ్ళప్పుడు బామ్మర్ది రెండోది చూపించాడు. ఆ సమయానికి అతని అక్క భోజనం క్యారియరుతో వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

"చెవులా అవి, చేటలా? లేని చప్పుడు విన్నాడే మీ తమ్ముడు," అన్నాడు మేస్త్రీ, భార్యతో.

షెడ్డంతా నవ్వింది. నవ్వకపోతే ఇంటికెళ్ళాక దానికీ లెక్క చెప్పుకోవాల్సి వస్తుందని ఆమె కూడా నవ్వింది. ఆమెకు ఆయన పెట్టిన పేరు లూజు ట్యాపెట్టు, అంటే వదులైన వాల్వు. నోరు తెరిస్తే టకటకే, ఎంత బిగించినా ఆగదు అని చుట్టాల్లో చెప్పి నవ్వించేవాడు. పోనుపోను ఆమె నోరు తెరవడం మానేసింది.

అరవై దగ్గర పడేసరికి ఆయన చెవుల్లోంచి ముందుగా సన్నటి చప్పుళ్ళు పోయాయి. కుక్కరు కూత, చెంచా కిందపడ్డ చప్పుడు, గాజుల గలగల. లారీ హారను వినిపించేది, మగవాళ్ళ మాటలు వినిపించేవి. కాబట్టి బయట ఎవరికీ తెలియలేదు. కానీ వదులైన వాల్వు చప్పుడు కూడా ఆ సన్నటి వాటిలోనిదే. ఈ సంగతి బయటపడితే షెడ్డులో పెద్దరికం బామ్మర్దిదవుతుంది, మిగిలిన బతుకంతా అతని కింద నట్లు కడుక్కుంటూ గడపాలి. చావుకన్నా ఆయనకు దాని భయమే ఎక్కువ.

రిటైరైన టీచరమ్మ ఒకావిడ తన పాతకారు ఇంజను మొత్తం విప్పించి ఆయన చేతే కొత్తగా కట్టించుకుంది. నాలుగో రోజు పొద్దున్నే మళ్ళీ తెచ్చింది. టకటకమంటోందని ఆవిడ ఫిర్యాదు. మేస్త్రీ స్క్రూడ్రైవరు పెట్టి విని, ఏమీ లేదమ్మా, కొత్త ఇంజను కదా, మీకు అనుమానం అన్నాడు. ఆ చప్పుడు నాలుగడుగుల దూరంలో ఉన్న వెల్డరుకు కూడా వినిపిస్తోంది. అతను తల వంచుకుని తన పని చూసుకున్నాడు. బామ్మర్ది ఆవిణ్ణి బండి వదిలి సాయంత్రం రమ్మన్నాడు.

మేస్త్రీ భోజనానికి వెళ్ళాక, ఇంజను చల్లబడనిచ్చి బామ్మర్ది పైమూత విప్పాడు. నాలుగో సిలిండరులో పొగ వదిలే ఎగ్జాస్టు వాల్వు దగ్గర రేకులు నాలుగు కలిపి దూర్చినా ఆడుతున్నాయి. రాకరును కిందనుంచి నెట్టే పుష్‌రాడ్డు వంగిందేమోనని తీసి అద్దం పలక మీద దొర్లించాడు. తిన్నగానే ఉంది. రాకరు అరిగిందేమోనని చూశాడు. అరగలేదు. చివరికి సందు మారకుండా పట్టి ఉంచే లాక్‌నట్టు మీద చెయ్యి వేస్తే వేళ్ళకే తిరిగింది. బావ సందు సరిచేశాడు గానీ నట్టు బిగించడం మరిచాడు. పాత రోజుల్లో అయితే స్టార్టు చేసిన మరుక్షణం చెవే చెప్పేది. బామ్మర్ది సందు కొలిచి, నట్టు బిగించి, మూత పెట్టేసి, చేతులు కడుక్కున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. బామ్మర్ది ఇంజను స్టార్టు చేశాడు.

"బావా, టీచరమ్మగారు చెప్పింది నిజమే. చప్పుడు వస్తోంది. ఎక్కడో నువ్వే చెప్పాలి."

మేస్త్రీ అందరి మొహాలూ చూశాడు. స్క్రూడ్రైవరు ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"మూడోది. ఎగ్జాస్టు."

"ఇప్పుడేం లేదు కదండీ మేస్త్రీగారూ, మెత్తగా నడుస్తోంది," అంది టీచరమ్మ, పాపం ఏమీ తెలియక.

బామ్మర్ది ఇంజను ఆపాడు. ఆయన ఎదురుగా వచ్చి, పెదవులు కనిపించేలా ఒక్కో మాటే విడదీసి, గట్టిగా అన్నాడు. "మధ్యాహ్నమే బిగించేశాను బావా. చెవులా అవి, చేటలా?"

వెల్డరు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. బామ్మర్ది నవ్వలేదు. ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, దాంతో గ్రీజు డబ్బా మూత మీటి తెరిచి, కడగాల్సిన నట్ల తట్ట ఆయన కాళ్ళ దగ్గరకు జరిపాడు.

ఆయన ఇంటికి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన లెక్కలో, అప్పటిదాకా చెవుల సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో భార్య ఒక్కతే.

"వాడికి నువ్వే చెప్పావా?"

ఆమె పొయ్యివైపు తిరిగి ఉంది. తిరగకుండానే, సన్నటి గొంతుతో, నేనే చెప్పాను అంది. నిరుడే చెప్పాను అంది. ఆ పరీక్ష పెట్టమన్నది కూడా నేనే అంది. అక్కడితో ఆగక, పెళ్ళయిన నాటి నుంచీ మింగినవన్నీ ఒక్కొక్కటే అనుకుంటూ పోయింది.

"ఏమన్నావు?" అన్నాడు ఆయన.

ఆమె ఇటు తిరిగి, గట్టిగా, "ఏం లేదండీ, కూర్చోండి, వడ్డిస్తాను," అంది.

ఈ సంగతి ఆమే మా ఇంట్లో కూర్చుని చెప్పింది. ఇప్పుడు రోజూ అంతేనట. ఆయన వెనకాల కూర్చుని నట్ల మురికి గోళ్ళలోంచి తీసుకుంటుంటే, అన్నం ఉడికేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంటుందట.