అవ్వ ఎత్తుకున్న రాగం

మా మనవరాలికి ఒక ఇంగ్లీషు రాక్ పాట పిచ్చి పట్టింది. మొన్న మధ్యాహ్నం నేను కందిబేడలు ఏరుకుంటుంటే, తన ఇయర్‌ఫోన్లు తెచ్చి నా చెవుల్లో పెట్టింది. మొదట అటక మీంచి ఇత్తడి సామాను జారినట్టు వినిపించింది. తర్వాత అరుపుకీ ఏడుపుకీ మధ్యన ఒక మగ గొంతు. అర్థమేమిటని అడిగితే, మత్తుమందులకు బలైపోయిన తనవాళ్లను పేరుపేరునా పిలుస్తున్నాడంది. ఇట్లాంటివి నాకు కొత్తనుకుంది పాపం. ధర్మవరంలో మా ఇంట్లోనే విన్నాను నేను.

మాది రెండు మగ్గాల ఇల్లు. ఒక మగ్గం గుంతలో మా నాయన, ఇంకో గుంతలో చిన్నాయన కాళ్లు పెట్టుకుని పొద్దంతా పట్టుచీరలు నేసేవాళ్లు. చిన్నాయనకు ఇంకా పెళ్లి కాలేదు. నవ్వించే మనిషి. పెనుకొండలో ఎవరి పెళ్లిలోనో వంటవాళ్లు అలిగి వెళ్లిపోతే తానే గరిటె పట్టి, ఉప్పు వేయడం మరిచి, పెళ్లివారికి పథ్యం భోజనం మంచిదని సర్దిచెప్పిన ఘనుడు. వంగి వంగి నడుము నొప్పి వస్తుంటే నల్లమందు మొదలుపెట్టాడు. హిందూపురం నుంచి పట్టు తెచ్చే ఆసామి ఆ పట్టు మధ్యనే పొట్లం దాచి తెచ్చేవాడు. ఆవగింజంత తినేవాడు కాస్తా శనగగింజంతకు వచ్చాడు. అన్నం మానేశాడు. పోగును అటూ ఇటూ దాటించే నాడె చేతిలో పట్టుకునే గుంతలో తూగేవాడు. మా నాయనా తినేవాడు గానీ, తనది మందు, తమ్ముడిది వ్యసనం అని ఆయన లెక్క.

ఒక పొద్దున చిన్నాయన లేవలేదు. కడుపునొప్పితో పోయాడని వీధంతా చెప్పుకుంది, మేమూ అదే చెప్పాం. మా వీధిలో చావింట ఆడవాళ్లు చుట్టూ కూర్చుని, పోయినవాళ్ల గుణగణాలు రాగం తీసి ఏడుస్తారు. ఎంత పిసినారి అయినా ఆ పూటకు కర్ణుడే. మా నాయనకూ చిన్నాయనకూ తల్లి, మా అవ్వ, రాగం ఎత్తుకుంది.

"కడుపునొప్పి కాదు కొడకా, నల్లమందు తినె నిన్ను."

వంత పాడేవాళ్లు ఆగిపోయారు. "ఊరుకోమ్మా, పదిమందీ ఉండారు" అందొకామె. అవ్వ అదే రాగంలో ఇంకాస్త గట్టిగా అందుకుంది.

"చిన్నోణ్ణి తినినా దానికి ఆకలి తీరలేదు. పెద్దోడి పంచె మడతలో కూచోనుండాది."

అందరూ మా నాయన వైపు చూశారు. ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కాసేపటికి చెయ్యి నడుముకు పోయింది. చిన్న ఇత్తడి డబ్బీ తీసి అవ్వ ముందు పెట్టాడు. అవ్వ దాని వైపు చూడనైనా చూడలేదు.

ఆ డబ్బీ మళ్లీ ముట్టకపోయేసరికి నాయన వాంతులతో, వణుకుతో మంచం పట్టాడు. అవ్వ పక్కనే కూర్చుని గంజి తాపేది. "పోతాదిలే నాయనా, ఓర్చుకో" అనేది. కొన్నాళ్లకు ఆ బాధ పోయింది. చచ్చిన మనిషి పరువు తీసిందని అప్పట్లో నాకు అవ్వ మీద చాలా కోపంగా ఉండేది.

మా మనవరాలు తన పాట రోజూ మళ్లీ మళ్లీ పెట్టుకుంటోంది. అవ్వ తన పాటను మళ్లీ పాడలేదు. కానీ మా నాయన ముసలివాడై, చెవులు సరిగా వినిపించని రోజుల్లో కూడా, మగ్గం మీద నడుము నొప్పి పుట్టినప్పుడల్లా ఆయన చెయ్యి పంచె మడత దాకా పోయి ఆగిపోయేది. ఒక్కసారి పాడిన పాట ఎంతకాలం వినిపిస్తుందో ఆ చెయ్యిని చూసే తెలుసుకున్నాను.