ఎండలో ఆగిన సాంచాలు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్లలో నా దుకాణంలో ఒక పాత కుట్టుమిషన్ విప్పుకుని కూర్చున్నాను. "మీ మామ పోయిండు. నువ్వు రా" అని మాత్రమే అంది. ఆమె వెనక ఏ చప్పుడూ లేదు. సిరిసిల్లలో వాళ్ల గల్లీ నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చినా మాట కంటే ముందు సాంచాల మోత వినిపిస్తుంది. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. ఎవరైనా పోతే గల్లీ అంతా వాటిని ఆపేస్తుంది. ఆ నిశ్శబ్దం విన్నాకే నమ్మాను.

మామ మా అమ్మకు తమ్ముడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయనకు నాలుగు సాంచాలు. చుట్టుపక్కల చాలామంది తమవాటిని తుక్కు కింద అమ్మేసి వేరే పనుల్లోకి వెళ్లారు. తన నాలుగూ ఆ తుక్కు బండి ఎక్కకూడదని మామ పట్టుదల. కరెంటు బిల్లు తగ్గితే ఎలాగో నడుపుకోవచ్చని సోలార్ పలకలు పెట్టించాడు. జగిత్యాల నుంచి వచ్చిన ఫిట్టరు, షెడ్డు రేకులు ఆ బరువు మోయవన్నాడు. అందుకని ఇంటి స్లాబు మీద బిగించారు. అత్త వడియాలు ఎండబెట్టేది అక్కడే.

"ఇగ నా వడియాలు నీ నెత్తిమీద పెట్టాల్నా?" అంది.

"పెట్టు. ఎంట్రుకలు గూడ అడ్డం లెవ్వు" అన్నాడు మామ, బట్టతల తడుముకుంటూ.

వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఎండ మండిపోతోంది. గల్లీలో సాంచాలన్నీ ఆగాయి, మామవి కూడా. పలకలుంటే కరెంటు పోయినా తనవి నడుస్తాయని ఆయనే అందరికీ చెప్పి ఉన్నాడు. పక్కింటాయన గోడ మీది నుంచి తల పెట్టాడు.

"ఏంది బావా, నీ సూర్యుడు గూడ లైన్‌మన్ కోసమే సూస్తున్నడా?"

మామ ఫిట్టరుకు ఫోన్ చేసి చాలాసేపు విన్నాడు. పెట్టేశాక మెల్లగా చెప్పాడు. "పోల్ మీద మనిషుంటడట. గప్పుడు మన పలకల కరెంటు లైన్లకు వోతే ఆయన పానం పోతదట. అందుకే దానంతట గదే ఆగుతదట."

"మరి బ్యాటరీలు పెట్టియ్యరాదు?" అన్నాడు పక్కింటాయన.

"సాంచాలు నడిపే బ్యాటరీలు మనతోని గాదు. ముందుగాల అడగకపోవుడు నాదే తప్పు. ఆగనీ."

అప్పటి నుంచి పగలు కరెంటు పోయినప్పుడల్లా మామ స్లాబు ఎక్కేవాడు. అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. గల్లీ చివరి పోల్ వైపు చూసి, మనిషి కనబడితే "ఉన్నడు" అని కిందికి కేకేసేవాడు. కింద పనివాళ్లు చాయ్ తెచ్చుకునేవాళ్లు. కనబడకపోతే ఏమీ అనేవాడు కాదు. పలకల్లో మబ్బులు నడుస్తుంటే చూస్తూ కూర్చునేవాడు. నేను వెళ్లి పక్కన నిలబడితే, "ఆగుడు గూడ పనిలనే లెక్క" అనేవాడు. మోత లేని ఆ కాసేపు గల్లీ నీళ్ల అడుగున ఉన్నట్టుండేది.

ఇంకో చిక్కు గంజితో వచ్చింది. నేసేటప్పుడు పడుగు దారానికి పట్టించిన గంజి పొడిగా లేచి, దూది నూగుతో కలిసి షెడ్డు దాటి పైకి తేలేది. రాత్రి మంచుకు పలకల మీద పొరలా అతుక్కునేది. కొన్నాళ్లకు పలకల కరెంటు తగ్గింది. చన్నీళ్లు పోస్తే పొర కదల్లేదు. "గంజి బట్ట ఎట్ల కడుగుతమో గట్లనే" అని మామ తెల్లారకముందే గోరువెచ్చని నీళ్లు, తను నేసిన గుడ్డముక్క పట్టుకుని ఎక్కేవాడు. ఎండ రాకముందే కడిగి దిగేవాడు.

మామ ఊపిరితిత్తుల్లోని నూగును మాత్రం ఎవరూ కడగలేకపోయారు. ఆఖరి నెలల్లో మెట్లెక్కలేక మంచంలో ఉండిపోయాడు. సాంచాలు ఆగగానే కళ్లు తెరిచి "ఉన్నడా?" అని అడిగేవాడు. అత్త పైకెళ్లి చూసి వచ్చి "ఉన్నడు" అనేది. ఎవరూ లేనప్పుడు కూడా అలాగే అనేదని తర్వాత నాతో చెప్పింది.

పదకొండో రోజు సాంచాలు మళ్లీ నడిపారు. ఆ మధ్యాహ్నమే పాత ఇనుము కొనే వ్యాపారి వచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి నాలుగింటినీ చూశాడు. అత్త ఏమీ తేల్చి చెప్పలేదు. ఇంతలో కరెంటు పోయింది.

"సూడుండ్రి అమ్మా, పైన గన్ని పలకలు వెట్టి గూడ ఆగినయి గదా. ఎన్నొద్దులు గీ తిప్పలు?" అన్నాడు వ్యాపారి.

అత్త మెట్లెక్కింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని గల్లీ చివరికి చూసింది. తర్వాత పిట్టగోడ మీది నుంచి కిందికి వంగింది.

"ఊకెనే ఆగలే తమ్మీ. పోల్ మీద మనిషున్నడు. నువ్వు నడువు ఇగ."

వ్యాపారి వెళ్లిపోయాడు. అత్త దిగలేదు. మామ కుర్చీలో కూర్చుంది. కింద సాంచాలో పేక దారం మోసే నాడె సగం నేతలో నిలిచి ఉంది. రేకుల సందులోంచి పడిన ఎండలో దూది నూగు ఇంకా తేలుతూనే ఉంది. పైన ఒక తెల్ల మబ్బు ఒక పలక దాటి పక్క పలకలోకి నడిచింది.