సౌండ్ బంద్ పెట్టి చూసిన పాఠాలు

పటాన్‌చెరుల ఐటీఐ పిల్లలకు మెషిన్ పని నేర్పుత. ఫ్యాక్టరీకి పోవుకుంట చదివేటోళ్ల కోసం ఇరవై వీడియోలతోని ఆన్‌లైన్ కోర్సు గూడ చేసిన. గొంతు మంచిగ రావాలని కొత్త మైకు తెచ్చిన.

ఇయ్యాల ప్రాక్టికల్ పరీక్షకు లక్డారం నుంచి లావణ్య వచ్చింది. అన్ని వీడియోలు ఆఖరుదాంక చూసింది ఆ పిల్ల ఒక్కతే. పరీక్షల మందం కొలిచే మైక్రోమీటర్ మస్తుగ పట్టింది, మిగతా పనుల కాడ చేతులు ఆగినయ్.

"అన్ని పాఠాలు చూసినవ్ గదమ్మా, ఏమైంది?" అన్న.

"కంపెనీ బస్సుల చూస్త సార్. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటె డ్రైవర్ స్టాప్ అని ఒర్రేది వినబడదు. అందుకే సౌండ్ బంద్ పెడ్త. మైక్రోమీటర్ పాఠంల మీ చేతులు కనబడ్డయ్, అది వచ్చింది. మిగతా అన్నిట్ల మీ మొఖమే ఉంది."

ఇంటికొచ్చినంక సౌండ్ బంద్ పెట్టి నా వీడియో నేనే చూసిన. ఎవడో నోరు ఆడిస్తున్నడు, గంతే.

పాఠాలు చెప్పేటోళ్లు మీది గూడ ఒకటి గట్ల చూసి, ఏం సమజైందో జెర కింద రాయుండ్రి. లావణ్య ఫెయిలని పొద్దుగాల సంతకం పెట్టింది నేనే.