అమ్మ వారం కూలిలో ఇన్‌కమ్ ట్యాక్సు

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రం అమ్మ వారం కూలి తెచ్చి నా చేతిలో పెట్టి లెక్కపెట్టమనేది. ఆళ్లగడ్డలో ఒక విత్తనాల గోడౌన్‌లో పుచ్చు గింజలు ఏరే పని ఆమెది. వారానికి మూడు వందల యాభై. నాయన లేడు... మా ఇద్దరికీ అదే ఆధారం.

ఒక శనివారం మూడు వందల ముప్పై మాత్రమే ఉంది.

"ఇన్‌కమ్ ట్యాక్సంట. మేస్త్రి పట్టుకున్యాడు" అంది అమ్మ. మరుసటి వారమూ అంతే... అక్కడ పనిచేసే ఆడవాళ్లందరికీ అంతే.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. లెక్కల మేడమ్‌ను అడిగాను. ఆ పన్ను ఏడాది మొత్తం సంపాదన చూసి వేస్తారని చెప్పారు. నోటుపుస్తకం వెనక అట్ట మీద యాభై రెండుతో హెచ్చవేశాను... పద్దెనిమిది వేల రెండు వందలు. ఎంత దాటితే పన్ను పడుతుందో మాత్రం ఆమెకూ సరిగ్గా తెలియదు.

"తెలిసినోళ్లు యాడుంటారు?" అంది అమ్మ.

"నంద్యాలలో ఆఫీసుందంట."

సోమవారం కూలి పోయినా సరేనని, నన్ను బడి మాన్పించి బస్సెక్కించింది. ఆ ఆఫీసులో ఒక పెద్దాయన అట్ట మీది నా లెక్క చూశాడు. "హద్దులో సగం కూడా లేదు కదమ్మా. నీకు పైసా పడదు. ఎవరన్నా పట్టుకుంటే రసీదు అడుగు" అన్నాడు.

ఆ శనివారం అమ్మతో నేనూ వెళ్లాను. మేస్త్రి మళ్లీ ఇరవై తగ్గించి ఇచ్చాడు. అమ్మ చాపిన చెయ్యి తియ్యలేదు.

"రసీదు ఇయ్యన్నా."

"రసీదేందీ? సర్కారుకు కడతాండా."

"నంద్యాల ఆఫీసుకు పోయొచ్చినా. మాకు పడదన్యారు. కట్టింటే కాగితం చూపీ."

"రేపట్నుంచి పనికి రావాకు."

"రానులే. ముందు నా దుడ్లు ఇయ్యి."

అమ్మ అక్కడి నుంచి కదల్లేదు. వెనక వరసలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే గోనెసంచుల మీద కూర్చున్నారు. "మాకూ కాగితం చూపీ" అంది ఒకామె. కూలి ఎవరూ తీసుకోలేదు. చివరికి గోడౌన్ యజమాని వచ్చాడు. తను పట్టుకోమని చెప్పలేదన్నాడు. మేస్త్రి తల దించుకుని అందరి దగ్గరా పట్టుకున్న డబ్బు తిరిగిచ్చాడు. సోమవారం అమ్మ ఎప్పటిలాగే పనికి వెళ్లింది.

ఇప్పుడు నా జీతంలో నిజంగానే ట్యాక్సు పోతుంది... ఫోనుకు మెసేజ్ వస్తుంది, చూసి ఊరుకుంటాను. ఎందుకని అడగాలన్నా ఎదురుగా మనిషే ఉండడు. మీ ఇళ్లలో అలా చెయ్యి చాపి నిలబడి అడిగినవాళ్లుంటే... వాళ్ల గురించి రెండు మాటలు రాయండి.